రాంచందర్ సారుకు అభ్యంతరం ఉన్నది

తార్నాకలో ఎవరినైనా అడగండి, రాంచందర్ సారు గురించి ఒకే మాట చెబుతారు. ఆయనకు అభ్యంతరం లేని విషయం ఈ భూమ్మీద లేదు. ఒకవేళ ఉన్నా, అది ఆయన కంట పడేదాకే.

పెళ్లికి పిలిస్తే తప్పకుండా వెళ్తారు. వధూవరులను నిండు మనసుతో దీవిస్తారు. భోజనాల దగ్గర కూర్చోగానే పప్పుకు ముందు సాంబారు ఎందుకు వచ్చిందని అభ్యంతరం చెబుతారు. యూనివర్సిటీలో భూగోళశాస్త్రం చెప్పి చెప్పి రిటైరైన రోజున సన్మాన సభ పెట్టి శాలువా కప్పబోతే, "ఎండకాలం శాలువ ఏందయ్యా? నాకు అబ్జెక్షన్ ఉన్నది" అని దాన్ని మడతపెట్టి పక్కవాళ్ల చేతిలో పెట్టి, బదులుగా ఒక తువ్వాలు ఇప్పించుకున్నారు. ఆయనంత గొప్ప గురువు లేడని మైకులో పొగుడుతున్న వక్తను మధ్యలో ఆపి, "అట్ల గాలి మాటలు మాట్లాడకు. నా దగ్గర ఫెయిలైనోళ్లు వెనక వరుసల కూసున్నరు, వాళ్లను గూడ అడుగు" అని సభ నడక మీద అభ్యంతరం లేవనెత్తారు.

ఇరానీ హోటల్లో ఒకసారి బిస్కెట్ మీద అభ్యంతరం చెప్పారు. చాయ్‌లో ముంచగానే విరిగి కప్పులో పడిందట. హోటలాయన మర్యాదస్తుడు, ఇంకోటి తెప్పించాడు. దాని మీదా అభ్యంతరమే. ఎంతసేపు ముంచినా విరగలేదట.

అలాంటి మనిషిని ఎవరో మహానుభావుడు తీసుకొచ్చి తార్నాక ప్రాంత ప్లానింగ్ కమిటీలో సభ్యుణ్ని చేశాడు.

ఏ రోడ్డు వెడల్పు చేయాలి, ఏ మోరీ మీద మూత వేయాలి, ఎక్కడ పార్కు, ఎక్కడ గోడ అన్నది తేల్చడం ఆ కమిటీ పని. నెలకోసారి క్యాంపస్‌లోని ఓ పాత సెమినార్ హాల్లో కూర్చుంటారు. చైర్మన్ దేవేందర్ గారికి కోర్టు కేసులంటే ప్రాణభయం. అందుకని ఆయన ఒక ఆచారం పెట్టారు. తీర్మానం ఏదైనా అందరూ ఒప్పుకుంటేనే అమలు. ఒక్కరు కాదన్నా పై నెలకు వాయిదా. ఆచారం మంచిదే. రాంచందర్ సారు లేని ఊళ్లో బాగా నడిచేది.

ఆ కమిటీకి కార్యదర్శిగా వచ్చింది శిరీష. ప్లానింగ్ చదివి, పరీక్ష రాసి, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. నగరాన్ని మార్చేద్దామన్న ఉత్సాహంతో ఉంది. మొదటి మీటింగ్‌లో మొదటి అంశం పార్కులో బెంచీలకు ఆకుపచ్చ రంగు వేయడం. ఇందులో చర్చకు ఏముంటుందిలే అనుకుని చదివేసింది.

"అభ్యంతరాలు?" అని అడిగారు దేవేందర్ గారు. అడిగింది హాలంతటినీ గానీ, మొహం మాత్రం ముందే రాంచందర్ సారు వైపు తిరిగి ఉంది.

సారు లేచారు. సన్నగా, పొడుగ్గా, మెడలో రిటైర్‌మెంట్ నాటి తువ్వాలుతో. "నాకు అబ్జెక్షన్ ఉన్నది. చెట్ల నడుమ పచ్చ బెంచి ఏస్తే కనవడ్తదా? వాకింగ్‌కు వచ్చినోడు బెంచిని గుద్దుకొని దాని మీదనే పడ్తడు."

"పడితే కూర్చున్నట్టే కదా సార్" అన్నారెవరో.

"కూసునుడు వేరు, పడుడు వేరు. అబ్జెక్షన్!"

ఆ మాట వినబడడమే ఆలస్యం, తలుపు తెరుచుకుని అటెండర్ బిక్షపతి చాయ్ ట్రేతో లోపలికి వచ్చాడు. శిరీష నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. తర్వాత తెలిసింది ఆ మర్మం. రాంచందర్ సారు అభ్యంతరం చెప్పారంటే ఆ అంశం అయిపోయినట్టే కాబట్టి, బిక్షపతి తలుపు అవతల ట్రే పట్టుకుని ఆ మాట కోసమే చెవులు రిక్కించి నిలబడేవాడట. ఇన్నేళ్లలో ఒక్కనాడూ చాయ్ చల్లారలేదు.

స్పీడ్ బ్రేకర్ అంటే అభ్యంతరం. సరే వద్దులెండి అంటే, వద్దన్నందుకు అభ్యంతరం. గత మీటింగులో సారు ఏమన్నారో శిరీష చదివి వినిపిస్తే, "గిది నేనే అన్ననా? అయితే నా మాట మీద నాకే అబ్జెక్షన్ ఉన్నది" అన్నారు. ఆ రోజు శిరీష ఇంటికి వెళ్లి, తలనొప్పి మాత్ర వేసుకుని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, గోడ సందు ఒక ఎత్తు.

తార్నాకలో ప్రశాంతి కాలనీ అని ఒకటి ఉంది. దాని వెనక యూనివర్సిటీ ప్రహరీ గోడ. ఎప్పుడో ఒక వానాకాలంలో ఆ గోడ ఒకచోట కూలింది. మనిషి ఒద్దికగా పట్టేంత సందు పడింది. క్యాంపస్‌కు అవతలి పక్క మాణికేశ్వర్ నగర్. అక్కడి జనం క్యాంపస్ రోడ్డు వెంట నడిచొచ్చి, ఆ సందులో దూరి, కాలనీ మీదుగా తార్నాక మెయిన్ రోడ్డుకు చేరుకోవడం మొదలుపెట్టారు. లేకపోతే ఊరంతా చుట్టి రావాలి. గోడ తమదే అయినా కమిటీ ఏం తేల్చినా సమ్మతమేనని యూనివర్సిటీ వాళ్లు చెప్పేశారు. ఇక తేల్చాల్సింది కమిటీ.

కాలనీ తరఫు సభ్యుడు వెంకటేశ్వర్లు గారు, రిటైర్డ్ బ్యాంకు మేనేజరు. ఆయనది ఒకటే మాట: "గోడ కట్టండి." బస్తీ తరఫున గట్టయ్య, ఆటో నడుపుతాడు. ఆయనదీ ఒకటే మాట: "గోడ కూలగొట్టి రోడ్డెయ్యిండ్రి." ప్రతి నెలా ఇద్దరూ గొంతులు పోయేలా అరుచుకునేవారు.

"మా గులాబీలన్నీ మేకలు తింటున్నయ్ సార్! అవి ఆ సందులకెల్లే వస్తున్నయ్!"

"మేకలు తినక గులాబీలు జడల పెట్టుకుంటయా?" అనేవాడు గట్టయ్య.

గోడ తీర్మానం వస్తే రాంచందర్ సారు లేచి, "ఇటుక ఎర్రదా, సిమెంటుదా రాయలేదు, అబ్జెక్షన్" అనేవారు. రోడ్డు తీర్మానం వస్తే, "ఆ రోడ్డుకు పేరేం పెడ్తరు? పేరు లేని రోడ్డు మీద నడిచినోడు అడ్రసెట్ల చెప్తడు? అబ్జెక్షన్" అనేవారు. బిక్షపతి చాయ్ తెచ్చేవాడు. వాయిదా.

శిరీషకు ఒళ్లు మండిపోయింది. ఒక ముసలాయన సరదా కోసం ఇంతమంది సమస్య నెల నెలా మూలన పడడమేమిటి? పై ఆఫీసుకు స్వయంగా వెళ్లి మొరపెట్టుకుంది. ఈ ఏకాభిప్రాయం ఆచారం తీసేసి, మెజారిటీ చేతులెత్తితే తీర్మానం నెగ్గినట్టే అని నిబంధన పెట్టమంది. పై ఆఫీసు వాళ్లు ఆమె చురుకుదనాన్ని మెచ్చుకుని, తరువాతి మీటింగ్‌కల్లా ఉత్తర్వు పంపించేశారు.

ఆ ఉత్తర్వును శిరీష గొంతు సవరించుకుని మరీ చదివింది. చదివి, గెలిచిన ధీమాతో రాంచందర్ సారు వైపు చూసింది. కచ్చితంగా లేస్తారు, ఉత్తర్వులో ఫుల్‌స్టాపుల మీదైనా అభ్యంతరం చెబుతారు అనుకుంది.

సారు లేవలేదు. కళ్లజోడు తీసి, మెడలోని తువ్వాలుతో తుడుచుకుంటూ కూర్చున్నారు. ఎంతసేపటికీ తుడవడం అవలేదు.

"పై నుంచి వచ్చిన ఆర్డర్. మనం చేసేదేం లేదు" అన్నారు దేవేందర్ గారు. "వచ్చే నెల గోడ సంగతి చేతులెత్తి తేల్చేద్దం."

వెంకటేశ్వర్లు గారు సభ్యుల మొహాలు ఒక్కొక్కటే చూసుకుని చల్లగా నవ్వారు. సగానికి పైగా ఆయన వాకింగ్ స్నేహితులే. గట్టయ్య మొహం పాలిపోయింది. ఆ రోజు చాయ్ రాలేదు. తలుపు అవతల బిక్షపతి ఎదురుచూస్తూనే ఉన్నాడు.

మీటింగ్ అయ్యేసరికి ఆఫీసు జీపు ఎవరో పెద్ద సారును తీసుకుని వెళ్లిపోయింది. మెట్రో స్టేషన్‌కు దగ్గర దారి ఏదని శిరీష అడిగితే, "గోడ సందులకెల్లి పోండి మేడం" అన్నాడు బిక్షపతి. ఇన్ని నెలలుగా ఆ సందు గురించి చర్చిస్తూనే ఉందిగానీ, దాన్ని కళ్లతో చూసింది లేదు.

చూసి అవాక్కయింది. సాయంత్రం వేళ అది సందులా లేదు, జాతరలా ఉంది. స్కూలు పిల్లలు బ్యాగులు ముందుకు తిప్పుకుని దూరుతున్నారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, ఆసుపత్రి యూనిఫాం వేసుకున్న ఆయాలు, మెస్సులో వంటవాళ్లు. ఇటు నుంచి వచ్చేవాళ్లు ఆగితే అటు నుంచి పోయేవాళ్లు పోతున్నారు. ఎవరూ ఎవరినీ తోసుకోవడం లేదు. అప్పుడే ఒక మోటార్ సైకిల్ మాత్రం హారన్ మోగిస్తూ అందరినీ గోడకు అదిమేసి దూసుకుపోయింది. దాని వెనకే తీరిగ్గా ఒక మేక వచ్చింది.

శిరీషా వాళ్ల మధ్యే దూరి కాలనీ వైపుకు వచ్చింది. నెత్తి మీద పిండి గంప, చంకలో పొయ్యి పట్టుకుని ఒకామె సందు దాటి, శిరీష పక్కనే గంప దించింది. గోడకు గొలుసుతో కట్టిన తోపుడు బండి విప్పుకోసాగింది. ఆమె పేరు శివమ్మ. మెట్రో మెట్ల కింద జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది.

"బండి ఇక్కడెందుకు కట్టేశావమ్మా?"

"గీ సందుల పట్టది గద బిడ్డా. మనిషి పడ్తది, బండి పట్టది. అందుకే బండి గీడ, నేను గాడ" అని నవ్వింది శివమ్మ.

"గోడ కట్టేస్తే?"

శివమ్మ నవ్వు ఆగింది. "కట్టేస్తే ఇగ బండి ఖతం. చుట్టు తిరిగి నేను వచ్చేసరికి, ఆఫీసులు ఇడిసి మెట్రో దిగిన పిల్లలు ఇండ్లకు పోయి తిని పండుకుంటరు. రొట్టెలు ఎవలకు అమ్మాలె?" అంది. అంతలోనే మొహం వెలిగింది. "కట్టరు లే. తువ్వాల సారు ఉన్నడు గద."

"ఏ సారు?"

"మెడల తువ్వాల ఏసుకుంటడు, పొడుగు సారు. మీటింగ్ అయిన్నాడు సీదా గీడికే వస్తడు. 'శివమ్మా, ఇంకో నెల నీదే పో' అంటడు. ఎట్ల సారూ అంటే, 'అబ్జెక్షన్ చెప్పిన' అంటడు. అదేందో నాకు తెల్వదు బిడ్డా, గాని మంచి మందు. మా బస్తీల అందరం అనుకుంటం, సారు గొంతు మంచిగుండాలె అని." బండి చక్రం కింద నుంచి రాయి తీస్తూ అంది, "ఇయ్యాల మాత్రం, ఇందాక నేను బండి కడిగి పోతుంటే వచ్చిండు, ఏమనలే. గోడ పట్టుకొని జరసేపు నిలవడి పోయిండు. పానం బాగలేదో ఏమో."

శిరీషకు దిమ్మ తిరిగిపోయింది. ఎర్ర ఇటుకా, సిమెంటు ఇటుకా అని ఆయన అడిగిన ప్రతిసారీ ఈ సందు ఇంకో నెల బతికిందన్నమాట. ఆ మందు సీసాను పై ఆఫీసు దాకా వెళ్లి మరీ పగలగొట్టి వచ్చింది తనే. చురుకైన పిల్ల అని మెచ్చుకోలు కూడా తెచ్చుకుంది.

మెట్రో సంగతి మరిచిపోయి, సారు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. తలుపు తీసింది ఆయన భార్య సమ్మక్క.

"సారుతో మాట్లాడాలమ్మా. ఆయన అభ్యంతరాల గురించి."

"అభ్యంతరాలా? ఈయనకా?" సమ్మక్క బుగ్గలు నొక్కుకుంది. "మా ఇంట్ల అబ్జెక్షన్లు నా డిపార్ట్‌మెంట్ బిడ్డా. ఇన్నేండ్ల సంసారంల ఉప్పు లేని పప్పేసినా మాట్లాడలే. ఇంక జరంత ఎయ్యి అని తిన్నడు."

శిరీషకు ఆ రోజు ఇది మరో దెబ్బ. లోపల సారు సోఫాలో బుద్ధిగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"సార్, ముందే ఎందుకు చెప్పలేదు? సందు ఉండాలని మీరు ఒక్క మాట అనుంటే నేను..."

"అంటే ఏమైతది? నేనొక పార్టీ అయిత. వెంకటేశ్వర్లు నా మీద కోపానికన్నా గోడ కట్టిపిస్తడు. పిచ్చోడు, చాదస్తం అనుకుంటే నవ్వి ఊకుంటడు. వాయిదా పడ్తది."

"మరి బెంచీల మీద, స్పీడ్ బ్రేకర్ల మీద అన్ని అభ్యంతరాలు ఎందుకు సార్?"

"గోడకొక్కదానికే చెప్తే దొరికిపోత గద!" అన్నారు సారు గర్వంగా.

"వట్టిది" అంది వంటింట్లోంచి సమ్మక్క. "అయి నిజం అబ్జెక్షన్లే. పుట్టుకనే అట్లాంటిది."

సారు దాని మీద అభ్యంతరం చెప్పలేదు. ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నారు.

"నేనే చెడగొట్టాను సార్" అంది శిరీష. ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

"లేదమ్మా. నీ ఆర్డర్ చదువుతుంటే నాకు గూడ గుండె గుభేల్మన్నది, అబద్ధమెందుకు. గాని ఎన్ని దినాలని వాయిదా వేస్త? నాకేమన్న అయితే ఆ నెలనే గోడ లేస్తది. నేను ఆపిన గాని, లొల్లి తెంపలే. తెంపాలంటే ఒకళ్లు గెల్చుడు కాదు, అందరు జర జర ఓడాలె." చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టారు. "ఇన్నేండ్లు నా అబ్జెక్షన్లు వాళ్లు విన్నరు. ఇప్పుడు వాళ్లయి నేను వింట. నడువు."

ఆ నెలంతా తార్నాక జనం కళ్లు నులుముకుని చూశారు. రాంచందర్ సారు గడప గడపకూ వెళ్లి కూర్చుని, ఒక్క అభ్యంతరం కూడా చెప్పకుండా ఎదుటివాళ్ల అభ్యంతరాలు వింటున్నారు. వెంకటేశ్వర్లు గారు మొదట తలుపు తీయడానికే భయపడ్డారు. చాయ్ ఇచ్చి, సారు దాన్ని వంక పెట్టకుండా తాగడం చూసి ఇంకా భయపడ్డారు.

"చెప్పు వెంకటేశ్వర్లూ. ఆ మనుషుల తోటి నీకేం లడాయి?"

"మనుషుల తోటి నాకేం లడాయి సార్?" అన్నారాయన నొచ్చుకుంటూ. "మా ఇంట్ల పనిచేసే ఆమె గూడ గా సందులకెల్లే వస్తది. నా లడాయి మోటార్ సైకిళ్ల తోటి. పోయినేడు ఒకడు ఉరికొచ్చి మా ఆమెను గుద్దిపోయిండు. కాలు ఇప్పటికీ సక్కగ లేదు. గేటు బయటకు రావాలంటేనే వణుకుతది." ఒక్క క్షణం ఆగి, "మేకల తోటి గూడ ఉన్నది లడాయి" అన్నారు.

శిరీష ఉలిక్కిపడింది. ఇన్ని మీటింగుల్లో మేకల మాట వింది గానీ, ఆ కాలు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఎవరూ అడగలేదు.

గట్టయ్య సంగతి వేరుగా ఏం లేదు. రోడ్డు ఎందుకంటే, బస్తీలో నడవలేని ముసలివాళ్లను ఆసుపత్రికి తేవాలంటే ఆటో గోడకు చాలా దూరంలో, క్యాంపస్ గేటు దగ్గరే ఆగిపోతుంది, అక్కడి నుంచి గోడ దాకా చేతుల మీద మోసుకు రావాలి. "గోడ దాంక ఆటో పోనిస్తే సాలు సార్. కాలనీ నడుమ ఆటో నడపాలని నాకేం జిద్దు లేదు" అన్నాడు.

"మరి రోడ్డు రోడ్డు అని ఎందుకు లొల్లి చేసినవయ్యా?"

"ఆయన గోడ గోడ అని లొల్లి చేయవట్టె. నేను తక్కువ అడిగితే ఇంక తక్కువిస్తరు గద!"

అందరూ తలా కొంత ఓడే ఉపాయాన్ని శిరీష గీసింది. సందు ఉన్నచోట గేటు. గేటు దగ్గర దారి రెండు వంకరలు తిరుగుతుంది. మనిషి పోవచ్చు, తోపుడు బండి తిరగవచ్చు, చక్రాల కుర్చీ పోవచ్చు. మోటార్ సైకిల్ వాడు మాత్రం దిగి నెట్టుకుపోవాలి. క్యాంపస్ వైపు గోడ దాకా ఆటోలు వచ్చి ఆగవచ్చు. గట్టయ్యకు రోడ్డు లేదు, వెంకటేశ్వర్లు గారికి గోడ లేదు. మేకల సంగతి దేవుడికే వదిలేశారు.

మీటింగ్ రోజు మధ్యాహ్నం శిరీష హాల్లోకి అడుగుపెట్టి గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. హాలు నడిమధ్యలో శివమ్మ రొట్టెల బండి ఉంది. పొయ్యితో సహా, మెయిన్ రోడ్డు మీదుగా ఊరంతా చుట్టి తెచ్చారట. దాని చుట్టూ రాంచందర్ సారు సభ్యుల కుర్చీలన్నీ లాగి, రెండు వంకరల దారి కట్టారు. కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు. సభ్యులంతా గోడలకు ఆనుకుని నిలబడి ఉన్నారు.

"గిదేంది సార్?" అన్నారు దేవేందర్ గారు ఆ పొయ్యిని చూసి బిత్తరపోతూ.

"గేటు. కాగితం మీద అన్ని బండ్లూ తిరుగుతయ్. గీడ తిరగాలె. నువ్వు చైర్మన్‌వి, ముందు నువ్వు తోయి."

దేవేందర్ గారు జీవితంలో తోపుడు బండి తోసి ఎరగరు. కోటు విప్పి శిరీష చేతికిచ్చి, తోశారు. మొదటి వంకరలోనే ఇరుక్కున్నారు. తర్వాత గట్టయ్య తోశాడు. ఆటో డ్రైవరు కాబట్టి ఒక వంకర దాటి, రెండో దాంట్లో ఇరుక్కున్నాడు. తలుపు పక్కన నిలబడ్డ శివమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"జరుగుండ్రి, నేను చూస్త. మా కాలనీల ఇస్త్రీ బండి నేనెన్నిసార్లు నెట్టలే!" అంటూ వెంకటేశ్వర్లు గారు చొక్కా చేతులు మడిచారు. తోశారు. ఆయనా ఇరుక్కున్నారు. వెనక్కి లాగారు, మళ్లీ తోశారు. మొహం ఎర్రబడింది. బండి చక్రం కుర్చీ కాలికి తగిలి పొయ్యి గడగడ ఊగింది. ఆయన ఆగి, చెమట తుడుచుకుని, చుట్టూ చూసి కోపంగా అరిచారు:

"ఇంకో జానెడు వెడల్పు పెట్టుండ్రి! గింత ఇరుకు పెడ్తే ఆడమనిషి రోజు ఎట్ల తిప్పుతది? బుద్ధి ఉండాలె ప్లాన్ గీసినోళ్లకు!"

శిరీష తన చెవులను తానే నమ్మలేదు. ఇన్నేళ్లూ గోడ గోడ అని గొంతు చించుకున్న మనిషి, గేటు ఇంకా వెడల్పు కావాలని పోట్లాడుతున్నాడు. ఏమన్నాడో వెంకటేశ్వర్లు గారికే కాసేపటికి అర్థమయ్యి, దగ్గి, బండి పిడి వదిలేశారు. అప్పటికే గట్టయ్య ఆ కుర్చీని జానెడు పక్కకు జరిపాడు.

బండి తిరిగింది.

"గేటు తీర్మానానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అంది శిరీష. చేతులన్నీ లేచాయి. వెంకటేశ్వర్లు గారి చెయ్యి కాస్త ఆలస్యంగా, గోడ వైపు చూస్తూ లేచింది.

కొత్త నిబంధన ప్రకారం తీర్మానం నెగ్గేసింది. కానీ దేవేందర్ గారికి పాత అలవాటు పోలేదు. "అభ్యంతరాలు?" అన్నారు. మొహం దానంతటదే రాంచందర్ సారు వైపు తిరిగింది.

సారు తువ్వాలు సర్దుకుని, గొంతు సవరించుకున్నారు. రాసుకోబోయిన శిరీష కలం ఆపింది. అలవాటు కొద్దీ ఈయన నోటికి ఏమొస్తుందో!

"నాకు..." అన్నారు సారు. ఆ తర్వాతి మాట ఆయన గొంతుకు బొత్తిగా అలవాటు లేదు. రెండుసార్లు మింగి, మూడోసారికి పలికారు. "నాకు అబ్జెక్షన్ లేదు."

పైన ఫ్యాన్ కిర్రుమంటూ తిరుగుతోంది. అందరూ ఎందుకో తలుపు వైపు చూశారు. ఎంతసేపు చూసినా తలుపు తెరుచుకోలేదు. చివరికి శిరీష వెళ్లి తీసింది. అవతల బిక్షపతి ట్రే పట్టుకుని, చెవి తలుపుకు ఆనించి నిలబడి ఉన్నాడు.

"చాయ్ తేవేంది బిక్షపతీ?"

"సార్ ఇంకా అబ్జెక్షన్ అనలే కద మేడం!"

ఆ రోజు అందరూ చల్లారిన చాయ్ తాగారు. బాగుందన్నారు.

గేటు తెరిచిన రోజున రిబ్బన్ కట్టారు. రాంచందర్ సారు రిబ్బన్ మీద అభ్యంతరం చెప్పి విప్పించేశారు. ముందుగా శివమ్మ బండి వెళ్లింది, ఇటు నుంచి అటు, మాణికేశ్వర్ నగర్ వైపు. బండి ఇన్నేళ్లలో ఇంటికి వెళ్లడం అదే మొదలు. వెంకటేశ్వర్లు గారు భార్యను చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించుకొచ్చి, ఒక మోటార్ సైకిల్ వాడు దిగి బండి నెట్టుకోవడం ఆమెకు చూపించారు. ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని చూసి, చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ సమయంలో ఒక మేక రెండు వంకరలూ చక్కగా తిరిగి కాలనీలోకి వెళ్లింది. మరునాడు ఆయన గులాబీ కుండీలను మేడ మీదికి మార్పించారు. ఆయన వంతు ఓటమిలో ఆఖరి ముక్క అది.

కొన్నాళ్లకు ఒక మీటింగ్‌లో రాంచందర్ సారు మండిపడుతూ లేచారు. "మెట్రో కాడ ఆటోలోళ్లు ఏమని పిలుస్తున్నరో విన్నరా? 'అబ్జెక్షన్ గేట్, అబ్జెక్షన్ గేట్, ఒక్కరు!' అని. ఏం పేరది? అందరు ఒప్పుకున్న గేటుకు ఆ పేరా? ఆ పేరు మీద నాకు అబ్జెక్షన్ ఉన్నది!"

తలుపు తెరుచుకుంది. బిక్షపతి పొగలు కక్కే చాయ్‌తో వచ్చాడు.

శిరీష నవ్వు మొహంలో కనబడకుండా అడిగింది. "కొత్త నిబంధన ప్రకారం ఓటింగ్ పెడదాం సార్. పేరు మార్చాలనేవాళ్లు చేతులెత్తండి."

ఒక్కటే చెయ్యి లేచింది, తువ్వాలుతో సహా.

"వీగిపోయింది సార్."

సారు హాలంతా ఒకసారి కలియజూశారు. వెంకటేశ్వర్లు, గట్టయ్య పక్కపక్కనే కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వుతున్నారు. సారు కూర్చుని, ట్రేలోంచి బిస్కెట్ తీసుకుని చాయ్‌లో ముంచారు. సగం విరిగి కప్పులో పడింది, సగం చేతిలో మిగిలింది.

అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. సారు మిగిలిన సగాన్ని నోట్లో వేసుకుని నమిలారు.

"ఇది బరాబర్ ఉన్నది" అన్నారు.